పదకొండో తూముకు పదో జవాబు

ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే మా సూపరింటెండెంటు నాకు ఒక విద్య నేర్పాడు. కొత్త వాక్యం రాయకూడదు. "పోయినేడు కాయితం తీయి, తేదీ మార్చు, సంతకానికి పెట్టు. కొత్త మాట రాస్తివా, పైనుంచి దానికి కొత్త ప్రశ్న వస్తది. ఎందుకొచ్చిన లొల్లి?" అనేవాడు. ముప్పై మూడేళ్ల సర్వీసులో నేను ఆయన మాట జవదాటలేదు. పైగా నా తర్వాత వచ్చినవాళ్లందరికీ అదే విద్యను గర్వంగా నేర్పాను. మీలో ఈ మధ్యే ఆఫీసు కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు కూడా ఎవరో ఒకరు నేర్పే ఉంటారు.

మాది నల్లగొండ జిల్లాలో కాలువ నీళ్లు పంచే ఒక చిన్న ఆఫీసు. ఏ ఊరో చెప్పను. నాతో పనిచేసినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు, వాళ్లను ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదు. కాలువలో నీళ్లు అందరికీ ఒకేసారి చాలవు కాబట్టి ఈ వారం పై పొలాలకు, వచ్చే వారం కింది పొలాలకు అని వంతులు వేస్తారు. గట్టులోంచి పొలాలవైపు నీళ్లు వదిలే పైపును తూము అంటాం. వాటి తలుపులు ఎత్తి దించే మనిషి లష్కర్. ఏ వారం ఏ తూముకు నీళ్లో చెప్తూ ముందు ఒక ఉత్తరం పోతుంది. వారం అయిపోయాక ఇచ్చేశామని ఒక పట్టిక పోతుంది. ఆ ఉత్తరానికి తల్లి పోయినేడు ఉత్తరం, ఆ పట్టికకు తల్లి ఈ ఉత్తరం. ఈ వంశవృక్షానికంతటికీ కాపలాదారును నేను, అంటే సీనియర్ అసిస్టెంటును.

రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉందనగా మా ఆఫీసుకు కొత్త కంప్యూటర్ వచ్చింది. దాంతోపాటు ఒక ఏఐ అసిస్టెంటు కూడా వచ్చింది. వాడి చూసి ఎలా ఉందో చెప్పమని పైఆఫీసు వాళ్లు రాశారు. మా అటెండరు దాన్ని చూసి, "సార్, మీకు ఇన్నొద్దులకు ఒక జూనియర్ అసిస్టెంటును ఇచ్చిండ్రు" అని నవ్వాడు. చెప్పొద్దూ, నాకు మొదట్లో ఒళ్లు మండింది. రెండు రోజులు దాని వంక చూడలేదు. మూడో రోజు మా కంప్యూటర్ ఆపరేటరమ్మ దాంతో ఏదో మాట్లాడుతుంటే ఆగలేక కుర్చీ జరుపుకుని పక్కన కూర్చున్నాను.

ఆమెది ముప్పై దాటిన వయసు. ఇంజనీరింగ్ చదివి ఔట్‌సోర్సింగ్‌లో మా దగ్గర చేరింది, మా అందరికంటే ఎక్కువ పని చేసేది. "సార్, మీరేం నేర్చుకోనక్కర్లే. మీరు నాకెట్ల చెప్తరో దానికి గట్లనే చెప్పుండ్రి, తెలుగుల" అంది.

సరే, దాన్ని పరీక్షిద్దామని కంప్యూటర్‌లో ఉన్న కాగితాలన్నీ సర్దమన్నాను. మా దగ్గర ఫోల్డర్లకు పేర్లు ఇలా ఉండేవి: పాత సారు, పాత పాత సారు, కొత్త సారు. అది అన్నీ తెరిచి చూసి, ఏం చేయబోతున్నదో ముందు వరసగా రాసి చూపించి, కింద ఒక సందేహం పెట్టింది. 'కొత్త సారు' ఫోల్డరులోని ఉత్తరాల మీద ఉన్న సంతకం ఇప్పటి అధికారిది కాదు, దీన్ని ఎవరి పేరు మీద ఉంచాలి అని. మా కొత్త సారు బదిలీ అయిపోయి అప్పటికి ఇద్దరు సార్లు మారారు. ఆపరేటరమ్మ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు.

ఆ రోజు నుంచి నాకు దాని పిచ్చి పట్టుకుంది. ఇంటి దగ్గర టిఫిన్ కూడా సరిగ్గా తినకుండా ఆఫీసుకు వచ్చేవాణ్ని. వచ్చిన తపాలాను ఫోన్‌తో ఫొటో తీసి ఇస్తే ఎవరు రాశారో, ఏం కావాలంటున్నారో రిజిస్టరులో ఎక్కించేది. కలెక్టరాఫీసులో సోమవారం జనం ఇచ్చి, మాకు పంపే అర్జీలకు జవాబుల చిత్తు రాసి పెట్టేది. నా చేతిరాతను మాత్రం ఒక్కోసారి చదవలేకపోయేది. దాన్ని నేను తప్పుబట్టను, మా ఇంట్లో వాళ్లు కూడా చదవలేరు. "నువ్వు దీన్ని ఎట్లా పట్టుకున్నావు?" అని అడిగితే విసుక్కోకుండా చెప్పేది. నేను ఎవరినైనా అలా అడిగి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు.

అలాంటి రోజుల్లో పైఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. పదేళ్లలో ఏ తూముకు ఎన్ని వంతులు నీళ్లిచ్చారో పట్టిక పంపమన్నారు. మామూలుగా అయితే అది నెల రోజుల పని. నేను ఉత్సాహంగా బీరువాలన్నీ తెరిపించాను. నా గదిలోని పట్టికలు, సారు గదిలోని అర్జీల ఫైళ్లు, స్టోరులో మూలన పడి ఉన్న లష్కర్ రోజువారీ పుస్తకాలు. ఆపరేటరమ్మ నాలుగు రోజులు కూర్చుని అన్నింటికీ ఫొటోలు తీసింది. అన్నీ అసిస్టెంటుకు అప్పజెప్పి మేము చాయ్ తాగి వచ్చేసరికి పట్టిక దాదాపు తయారై ఉంది. కింద మళ్లీ ఒక సందేహం ఉంది. అది నాకు ఇప్పటికీ ఇంచుమించు నోటికి వచ్చు.

"ఆఫీసు పట్టికల్లో పదకొండో తూముకు ప్రతి వంతులోనూ నీళ్లు ఇచ్చినట్టు ఉంది. లష్కర్ పుస్తకాల్లో మాత్రం పదకొండో తూము ఎదుట తొమ్మిదేళ్లుగా అడ్డగీత ఉంది. ఇదే తూముకు నీళ్లు రావడం లేదని ఒకే రైతు నుంచి తొమ్మిది అర్జీలు ఉన్నాయి. వీటిలో దేన్ని సరైనదిగా తీసుకోవాలి?"

నేను ఏం చేశానో మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. క్షణం కూడా ఆలోచించలేదు. "ఆఫీసు పట్టికే సరైనది" అని ఆపరేటరమ్మను కొట్టమన్నాను. అది సరేనని పట్టిక పూర్తి చేసింది, దాన్ని పైకి పంపేశాం. ఆ సోమవారమే అదే రైతు నుంచి పదో అర్జీ వచ్చింది. దానికీ జవాబు రాయమన్నాను. నిమిషంలో రాసింది. మా పాత జవాబుకంటే మర్యాదగా ఉంది. 'తమ పొలమునకు పదకొండవ తూము ద్వారా వంతుల ప్రకారము నీరు సరఫరా చేయబడినది' అన్న నా వాక్యం అందులో ముచ్చటగా కుదిరింది. పొట్టి సంతకం గీకి సారు బల్ల మీద పెట్టించాను.

మరునాడు లష్కర్ తన పుస్తకాలు వాపసు తీసుకుపోవడానికి వచ్చాడు. పెద్ద మనిషి, నాకంటే ఏడాది చిన్న. ఇద్దరం ఒకేసారి ముసలివాళ్లమయ్యాం. వాళ్ల నాయిన కూడా ఇదే కాలువ మీద లష్కరే. పుస్తకాలు ఇస్తూ మాటవరసకు అడిగాను, "ఏం సాబ్, పదకొండో తూము దగ్గర ఈ గీతలేంది?"

"తూమే లేదు గద సార్, ఏం రాయాలె మరి?"

"లేదంటే?"

"లేదంటే లేదు. ఊళ్లెకు పోయే రోడ్డు వెడల్పు చేసిండ్రు సూడుండ్రి, అప్పుడు మొరం పోసి బొంద వెట్టిండ్రు. రోడ్డు కిందున్నది."

"ఎవరికీ చెప్పలేదా?"

"అప్పటి సారుకు జెప్పిన. ఫికర్ జేయకు, రోడ్డోళ్లకు రాస్త అన్నడు. రాసిండో లేదో, బదిలీ అయిండు. తర్వాత మీరు అడగలే, నేను జెప్పలే. అందుకే గీత గీస్తున్న. అబద్ధమైతే రాయలే సార్."

ఆయన ఆ చివరి మాట మామూలుగానే అన్నాడు, నన్ను పొడవాలని కాదు. తొమ్మిదేళ్లుగా నేను రోడ్డు కింద పూడిపోయిన తూముకు కాగితం మీద నీళ్లు వదులుతున్నాను. ఒక్క వంతు కూడా తప్పలేదు.

వెంటనే సారు గదిలోకి వెళ్లి బల్ల మీది జవాబును వెనక్కి తీసుకున్నాను. సారు ఆ రోజు మీటింగులో ఉన్నాడు. లష్కర్ బండి ఎక్కి, "పదండి, చూపించండి" అన్నాను. కట్టంగూర్ దాటి హైవే దిగితే ఆ ఊరి రోడ్డు వస్తుంది. మా కాలువను ఎన్నిసార్లు కాగితం మీద గీశానో గానీ, దాని చివరిదాకా పోవడం నాకు అదే మొదటిసారి.

లష్కర్ ఒకచోట బండి ఆపి కాలితో నేలను తట్టాడు. తారు అంచున మొరం, మొరం మీద తుమ్మ మొలకలు. అవతల పొలంలో ఒకామె కందికట్టె కొడుతోంది. యాభై అయిదేళ్లుంటాయి. అర్జీల మీద తొమ్మిదేళ్లుగా చూస్తున్న పేరు ఆమెదేనని లష్కర్ చెప్పాడు. మమ్మల్ని చూసి కొడవలి పట్టుకునే వచ్చింది.

"కాలువ ఆఫీసు సారట. నీ కాయితం సంగతే సూడవచ్చిండు" అన్నాడు లష్కర్.

"గిన్నేండ్లకు తొవ్వ దొరికిందా సారూ?" అంది ఆమె. తర్వాత చాలాసేపు నన్ను పట్టించుకోకుండా లష్కర్‌తోనే మాట్లాడింది. ఆమెకు రెండెకరాలు. చుట్టుపక్కలవాళ్లంతా బోర్లు వేసుకుని కాలువ సంగతి మరిచిపోయారు. "నా జాగల రెండు బోర్లేస్తె దుమ్మే లేసింది. నాకు కాలువ దప్ప దిక్కులేదు" అంది. ఆ రెండెకరాల మీద ప్లాట్లు చేసేవాళ్ల కన్ను పడింది. వచ్చే సోమవారం సంతకం పెట్టించుకోవడానికి వస్తామన్నారట.

"మరి అమ్ముతవా?" అని అడిగాను.

"అమ్మబుద్ధయితదా సారూ? మా అత్త నాతోటి ఈ చెల్కల రాళ్లేరిచ్చింది. ఒక్కసారి సూస్త అన్న వాళ్లకు. ఈసారి గూడ ఆఫీసు నుంచి గా పాత కాయితమే వస్తె ఇగ ఆశ ఇడ్సి పెట్టి సంతకం జేస్త అన్న."

"పాత కాగితమే అని నీకెట్లా తెలుస్తుంది? చదవడం వచ్చా?"

"సదువు రాదు. కాయితం రూపు తెల్వదా? తొమ్మిదిటిని పరుపు కింద పెట్టిన. అన్ని ఒక్క తీరుగనే ఉన్నయి. గన్నే వరుసలు, గా కిందనే గుండ్రటి ముద్ర." నా ముఖంలోకి చూసింది. "సారూ, నా అర్జీలు సదివిండ్రా మీరు?"

"చూశానమ్మా" అన్నాను.

బండి మీద తిరిగి వస్తుంటే ఆ మాట నన్ను తినేసింది. ఆఫీసుకు రాగానే ఆమె అర్జీలన్నీ ముందేసుకున్నాను. అవి కూడా అన్నీ ఒక్క తీరుగనే, ఒకే చేతిరాతతో ఉన్నాయి! కలెక్టరాఫీసు గేటు దగ్గర అర్జీలు రాసే ఆయన ఆమె మొదటి అర్జీ నకలు దాచుకుని, ఏటా తేదీ మార్చి రాసిస్తున్నాడు. తూము పూడిపోయిందన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు. 'నీరు సక్రమముగా అందుటలేదు' అని మాత్రమే ఉంది. ఆయనా మా సూపరింటెండెంటు శిష్యుడే అనుకుంటాను. మా నకలు, ఆమె నకలు తొమ్మిదేళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. మనుషులం మధ్యలో సంతకాలు పెట్టాం.

ఆ సాయంత్రం ఆసక్తి ఆపుకోలేక అసిస్టెంటునే అడిగాను, ఇది నీకెలా దొరికిందని. "మూడు రకాల కాగితాలనూ కలిపి చదివాను" అని చెప్పింది. అంతే సంగతి. మా ఆఫీసులో ఆ మూడూ మూడు గదుల్లో, మూడు బీరువాల్లో ఉన్నాయి. వాటిని ఒక బల్ల మీద పక్కపక్కన పెట్టినవాళ్లు లేరు. పెట్టడానికి పదడుగులు నడిస్తే సరిపోయేది.

మరునాడు సారుకు అంతా చెప్పాను. ఆయన వచ్చి ఆరు నెలలే అయింది, వయసులో నాకు కొడుకులాంటివాడు, మంచివాడు. తలుపు దగ్గరగా వేసి కూర్చోమన్నాడు.

"రోడ్డోళ్లకు ఇవ్వాళే రాద్దాం, పైపు వేయిద్దాం. గని సార్, తొమ్మిదేండ్ల జవాబుల మీద మీ పొట్టి సంతకం ఉన్నది. మీ పెన్షన్ కాయితాలు ఇప్పుడే పైకి పోతున్నయి. 'తూము పూడిపోయినట్లు ఇటీవల గమనించనైనది' అని రాస్తే ఎవరికీ నష్టం లేదు. ఆమెకు నీళ్లొస్తయి, మీరు మంచిగ ఇంటికి పోతరు."

ఆయన నా మేలు కోరే చెప్పాడు. నాకూ ఆ మాట హాయిగా అనిపించింది, దాచను. ఆపరేటరమ్మ దగ్గరికి పోయి అలాగే రాయించమన్నాను. అసిస్టెంటు రాసింది. చాలా బాగా రాసింది. అది చదివితే మేమంతా ఎంతో అప్రమత్తంగా ఉన్న ఉద్యోగులమనీ, తూము పూడీ పూడకముందే పరుగెత్తుకు పోయామనీ అనిపిస్తుంది. ఏం రాయమన్నా రాస్తుంది కదా అని నాకు అప్పుడు కొంచెం భయం వేసింది. మొన్న సందేహం అడిగిందీ ఇదే, దానికి నేను అబద్ధం చెప్తే నమ్మిందీ ఇదే.

ఆపరేటరమ్మ ప్రింట్ ఇవ్వకుండా ఆగింది. "సార్, ఇటీవలనా?" అంది.

నేను కుర్చీ లాక్కుని, "జరుగమ్మా, నేను కొడతాను" అన్నాను. నాకు టైపు రాదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ఎనిమిది వరుసలకు పూటంతా పట్టింది. అసిస్టెంటుతో అక్షరదోషాలు మాత్రం దిద్దించాను. ముప్పై మూడేళ్లలో ఏ పాత కాగితం చూడకుండా నేను రాసిన మొదటి ఉత్తరం అది. దాంతోపాటు, తొమ్మిది జవాబులూ విచారించకుండా రాసింది నేనేనని ఒక నోటు రాసి సారు ముందు పెట్టాను. పైకి పోయిన పదేళ్ల పట్టిక తప్పని కూడా అందులోనే రాశాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. చివరికి, "మీ ఇష్టం సార్" అని సంతకం పెట్టాడు.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను. పెన్షన్ ఏడు నెలలు ఆలస్యమైంది, ఇంట్లో మాటలు పడ్డాను. రోడ్డు కోసి కొత్త పైపు వేశారు, కానీ ఆ యాసంగి పంటకు అది అందలేదు. ఇవన్నీ ఆఫీసు సంగతులు. నాకు గుర్తుండిపోయింది ఆ ఉత్తరం ఇవ్వడానికి పోయిన శుక్రవారం.

పోస్టులో పంపితే సోమవారంలోగా చేరదని నేనే తీసుకుపోయాను. లష్కర్ తోడు వచ్చాడు. ఆమె ఇంటి ముందు కందులు చెరుగుతోంది. కాగితం చేతికిస్తే తిప్పి చూసి, "గిది వేరే తీరుగున్నదే" అని నాకే తిరిగి ఇచ్చింది. "సదువు."

నిలబడే చదివాను. "మీ పొలానికి నీళ్లిచ్చే పదకొండో తూము తొమ్మిదేళ్ల కింద రోడ్డు పనిలో పూడిపోయింది. అప్పటి నుంచి మీకు కాలువ నీళ్లు రాలేదు. వచ్చినట్టు ఈ ఆఫీసు మీకు పంపిన తొమ్మిది జవాబులూ తప్పు. తూమును చూడకుండా, మీ అర్జీలు చదవకుండా వాటిని పంపాము. కొత్త పైపు వేయాలని రాశాము. ఎప్పుడు వేస్తారో ఈ రోజు చెప్పలేము."

ఆమె చేట కింద పెట్టింది. "సదవలేదా?"

"చదవలేదమ్మా."

"మొన్న చూసిన అంటివి?"

"అదీ అబద్ధమే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనే పోయాను. లష్కర్ కాలితో మట్టి గీస్తూ నిలబడ్డాడు. ఆమె నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, అరుగు మీద కూర్చోమని చెయ్యి చూపించింది.

"ఇంకోసారి సదువు. నీళ్లు రాలేదన్న కాడికెల్లి."

చదివాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. "గదే. గదే నేను జెప్పేది. ఆఫీసోళ్లు ఇచ్చినమని రాస్తున్నరు గద, నీకే రావా నీళ్లు, నువ్వే అబద్ధమాడుతున్నవ్ అని ఊరంత అన్నరు" అంది. తర్వాత మళ్లీ చదవమంది. ఆ మూడోసారి నేను ఇంకా సగంలో ఉండగానే లష్కర్ వైపు తిరిగింది.

"అన్నా, గా ప్లాట్లోళ్లకు జర ఫోన్ కలుపు. సోమారం రావొద్దని చెప్త."